అచ్చు పడును, అతుకదు

డెబ్బైల చివర్లో ఒక వేసవిలో ఒక వారపత్రిక నవలల పోటీ ప్రకటించింది. గడువు నెల రోజులు. మా బడి గోడకు సున్నం వేయించడానికి మంజూరు రావడానికే ఏడాది పట్టే ఆ కాలంలో, నెల తిరిగేసరికి నవల రాసి పంపమన్నారు. అంతకంటె వింత ఏమిటంటే, పంపడానికి మనుషులు సిద్ధపడ్డారు. ఉత్తరం కూడా తప్పు లేకుండా రాయలేనివాడు నవలకు పూనుకోవడం నాకు అప్పుడూ అసహ్యమే, ఇప్పుడూ అసహ్యమే. ఆ అసహ్యాన్ని దాచుకోవలసిన అవసరం నాకు ఎన్నడూ కలగలేదు. దాని మూలంగానే ఒకసారి భంగపడ్డాను. ఆ సంగతి కూడా దాచను.

నేను అప్పుడు వరంగల్‌లో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. ప్రాచ్య కళాశాలలో వ్యాకరణం చదువుకున్నవాణ్ణి. ప్రతి శనివారం మధ్యాహ్నం విరామంలో, ఆ వారం పత్రికల్లో వచ్చిన సీరియల్ నవలల నుంచి దోషాలను ఎర్రసిరాతో గుర్తించి, ఉపాధ్యాయుల గదిలో పైకి చదివి వినిపించడం నా అలవాటు. తోటివారు నవ్వేవారు. దానిని నేను భాషాసేవ అనుకునేవాణ్ణి.

వేసవి సెలవులకు ముందటి శనివారం నేను పత్రిక చదవలేదు. మా బడి గుమాస్తా రాసిన కథ చదివాను. అతడు కొత్తవాడలో నేతపని చేసుకునే ఇంటివాడు, ఆ వంశంలో మొదటిసారి కుర్చీలో కూర్చున్నవాడు. అభిప్రాయం చెప్పమని ఐదు పేజీల కథ వినయంగా నా చేతికిచ్చాడు. నేను చెప్పిన అభిప్రాయం, అందులోని ముప్పై ఏడు దోషాలను అందరి ముందూ వరుసగా చదవడం. ఇరవయ్యోది చదువుతుండగా అతడు హాజరు పట్టీ తీసుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేను ఆపలేదు.

చదవడం పూర్తయ్యాక అతడు పట్టీని బల్ల మీద పెట్టి అన్నాడు: "తప్పులు దీసుడు అల్కనే సార్. రాసుడే కష్టం."

"కష్టమైన పనిని రానివారు చేయకూడదు" అన్నాను.

"మరి వచ్చినోళ్లు మీరే గదా. గా పోటీకి మీరొక నవల రాయుండ్రి. నేను గూడ రాస్త. బడి తెరిచిన దినం ఇద్దరం తెచ్చి ఈ బల్ల మీద పెడదాం."

లెక్కల ఉపాధ్యాయుడు, "ఇద్దరు రాస్తే సదివేటోడెవడయ్యా?" అన్నాడు.

"నేను రాయలేకపోతే?" అని నేనే అడిగాను.

"పిల్లల నోటుబుక్కుల మీద తప్ప ఇంకెవరి రాత మీదా ఎర్రసిరా పెట్టద్దు. జిందగీల పెట్టద్దు."

"నువ్వు రాయలేకపోతే?"

"కలం ముట్ట సార్. హాజరు పట్టీల తప్ప."

సరేనన్నాను. నవలకు మొదలు, మధ్య, తుది ఉండాలని షరతు కూడా పెట్టాను. గెలుస్తానా లేదా అన్న ఆలోచనే నాకు రాలేదు. అతడు కలం పారేసిన తరువాత అతని ముఖం ఎలా ఉంటుందన్నదే ఆలోచించాను.

ఇంటికి వచ్చి క్రమపట్టిక వేసుకున్నాను. ఉదయం ఐదు నుంచి ఎనిమిది వరకు రచన. రోజుకు ఐదు పేజీలు. ముప్పై రోజులకు నూట యాభై. తెల్ల కాగితాలకు ఎడమవైపు రెండంగుళాల అంచు గీసి, పేజీ సంఖ్యలు ముందుగానే వేసి పెట్టాను. వస్తువు కాకతీయుల కాలం. నాయకుడు ఒక సేనాని. మొదటి వాక్యంలో అతడు సూర్యోదయ వేళ గుర్రం మీద కోట వాకిటికి వస్తాడు.

ఆ వాక్యం మంచి వాక్యం. పదకొండు పదాల సమాసంతో మొదలవుతుంది. మరునాడు లేచి చూస్తే ఆ సమాసంలో ఒక విశేషణం దేనికి అన్వయిస్తుందో స్పష్టంగా లేదనిపించింది. సవరించాను. సవరిస్తే లయ చెడింది. మూడోనాడు లయ సరిచేస్తే కర్త దూరమయ్యాడు. నా క్రమపట్టిక ప్రకారం ప్రతి ఉదయం మొదటి పని నిన్న రాసినదాన్ని పరిశీలించడం. పరిశీలన పూర్తయ్యేసరికి ఎనిమిది కొట్టేది. వారం గడిచేసరికి నాలుగు పేజీలు మిగిలాయి; రెండో వారంలో వాటిలో రెండు కొట్టివేశాను.

పదిహేనో రోజున నా భార్య కుళాయిలో ధర్మసాగర్ చెరువు నీళ్లు వచ్చే వేళకు బిందెలు సర్దుతూ అడిగింది: "నవల యాడిదాక వచ్చింది?"

"సేనాని కోట వాకిట్లో ఉన్నాడు."

"ఇంక గుర్రం దిగలేదా?"

"దిగుతాడు."

"పదిహేను దినాల సంది ఎండల నిలబెట్టిండ్రు. ఆయన సంగతేమో గాని, గుర్రానికి జర నీళ్లన్న తాపుండ్రి."

మరునాడు ఒక శబ్దం నిర్ధారణ కోసం బడి గ్రంథాలయంలోని నిఘంటువు చూడవలసి వచ్చింది. గుమాస్తాలకు వేసవి సెలవులు లేవు. ఖాళీ కార్యాలయంలో అతడొక్కడే కూర్చుని పాత ప్రశ్నపత్రాల వెనుకవైపు రాస్తున్నాడు. పక్కన రాసిన కాగితాల కట్ట జానెడు ఎత్తు ఉంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కట్ట వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

"రాసింది మళ్లీ చదువుకుంటున్నావా?" అని అడిగాను.

"లే సార్. ఎనకకు సూడ. మగ్గం మీద పోగు తెగితే ముడేసి ముందుకు పోవుడే. తెగిన కాడల్ల కూసుంటే దుప్పటి ఎప్పుడు దిగాలె?"

"ఆ ముడులు కనిపిస్తాయి."

"కనవడ్తయి సార్. గని కప్పుకునేటందుకు దుప్పటుంటది."

పొగరు అనుకున్నాను. నిఘంటువు చూడకుండానే ఇంటికి వచ్చాను.

బడి తెరిచిన రోజున ఉపాధ్యాయులందరూ గంట కంటె ముందే చేరారు. గుమాస్తా నూలు పోగుతో కట్టిన కట్ట బల్ల మీద పెట్టాడు. రెండువందల పద్నాలుగు పేజీలు. మొదలు, మధ్య, తుది ఉన్నాయి. నా సంచిలో పదకొండు పేజీలున్నాయి. సేనాని ఇంకా గుర్రం మీదే ఉన్నాడు. నేను సంచి తెరవలేదు.

"ముందు ఇది నవల అవునో కాదో తేలాలి" అన్నాను. "దోషాల పోగును నవల అనరు. పరిశీలించి చెబుతాను."

అది న్యాయం కాదు. షరతులో భాషాశుద్ధి మాట లేదని గదిలో అందరికీ తెలుసు. అయినా గుమాస్తా అడ్డు చెప్పలేదు. "సూడుండ్రి సార్. పత్రికోళ్లు గడువు ఇంకో వారం పెంచిండ్రు. తప్పులు పోతె నాకే మంచిది గదా" అన్నాడు. ఓడినవాడికి వాయిదా ఇచ్చే మర్యాద అతనికి ఎవరు నేర్పారో నాకు తెలియదు. నేను మాత్రం బడిలో నేర్పలేదు.

నాలుగు రోజులు కూర్చున్నాను. ఒక సీసా ఎర్రసిరా అయిపోయింది. 'ళ' ఉండవలసిన చోట 'ల', 'శ' ఉండవలసిన చోట 'స'. వచనం తప్పిన క్రియలు. ఇంటిలో మాట్లాడినట్లే రాసిన వాక్యాలు. ఆరో అధ్యాయంలో చనిపోయిన మేనమామ తొమ్మిదో అధ్యాయంలో పెండ్లికి వచ్చి భోజనం చేశాడు. నాకు చాలా సంతోషం కలిగింది. ఇటువంటిదాన్ని నవల కాదని తేల్చడానికి ఇక సాక్ష్యం అక్కరలేదనుకున్నాను.

నలభయ్యో పేజీలో ఒక వాక్యం ఉంది: "ఆ ఎండకాలం అచ్చు అతుకక పెండ్లి పని ఆగింది." దాన్ని పూర్తిగా కొట్టివేసి పైన రాశాను: "ఆ వేసవిలో శుభలేఖల ముద్రణ పూర్తికానందున వివాహపు పనులు నిలిచిపోయినవి." అంచులో, రాబోయే తరాల మేలు కోసమన్నట్టు, ఒక వివరణ కూడా చేర్చాను: "అచ్చు పడును, అతుకదు. క్రియాప్రయోగ దోషము." దాని కింద రెండు గీతలు గీశాను.

ఆదివారం ఉదయం కట్ట తీసుకుని కొత్తవాడలో వాళ్లింటికి వెళ్లాను. తీర్పు వాళ్లింట్లోనే చెప్పాలనిపించింది. ముందుగదిలో సగం మగ్గమే. దాని ముందు అతని తల్లి కూర్చుని ఉంది. పక్కన మూకుడులో బూడిద. వేళ్లకు బూడిద అద్దుకుని, ఏవో సన్నని పోగుల కొసలను రెండేసి కలిపి నులుముతోంది. నన్ను చూసి లేవబోయి, చేతిలోని పోగు వదలలేక, "కూసో సారూ, ఏమనుకోకు, చెయ్యి ఆగేటట్టు లేదు" అంది.

గుమాస్తా కాగితాలు తిరగేశాడు. "బాగ కష్టపడ్డరు సార్" అన్నాడు. ఎగతాళి లేదు. నలభయ్యో పేజీ దగ్గర అతని చేయి ఆగింది. రెండుసార్లు చదివాడు. పెదవి కొరుక్కున్నాడు. తరువాత ఇక ఆపుకోలేక తల్లికి వినిపించాడు:

"అవ్వా, సారు రాసిండు ఇను. అచ్చు పడుతదట, అతుకదట."

ఆమె చేయి ఆపకుండానే నవ్వింది. "పడుతదా? అచ్చు పడితే ఇరుగుతది గద కొడుకా!"

"శుభలేఖల అచ్చనుకున్నడే అవ్వా."

"ఎవల పెండ్లి శుభలేఖలు?"

"ఎవలయి గావు. పెండ్లోళ్లు చెప్పిన ధోతుల పని ఆగిందని నేను రాసిన."

అప్పుడు ఆమె నవ్వు ఆపి నన్ను దగ్గరికి రమ్మంది. వెళ్లాను. "గిది అచ్చు సారూ" అని చూపింది. దువ్వెన వంటి పొడవైన చట్రం. దాని పళ్ల సందుల్లోంచి పాత పడుగు కొసలు బయటికి వచ్చి ఉన్నాయి. నేత అయిపోయిన పడుగును పూర్తిగా తీసివేయరట. కొసలు అచ్చులోనే ఉంచి, వాటికి కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుతారట. దానినే అచ్చు అతకడమంటారు. అది పూర్తికానిదే మగ్గం ఆడదు.

"ఇన్ని వందల పోగులు. ఒక్కటి తప్పిందనుకో, దుప్పటి మొత్తం తప్పుతది" అంది. తరువాత మామూలుగా, కుశలం అడిగినట్టు అడిగింది: "ఎన్నేండ్లాయె సారూ, ఈ ఊర్ల?"

"ఇరవై రెండు."

"గన్నేండ్ల సంది మా వాకిట్లకెల్లే బడికి పోతున్నవు గదా!"

నిజమే. ఇరవై రెండేండ్లు రోజూ రెండు పూటలా ఆ మగ్గాల చప్పుడు మధ్య నుంచి నడిచాను. అది పాఠానికి అడ్డు వస్తోందని పురపాలక సంఘానికి ఒకసారి అర్జీ కూడా రాశాను. ఆ అర్జీలో ఒక్క దోషం లేదు.

సోమవారం ఉపాధ్యాయుల గదిలో నా పదకొండు పేజీలు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. అచ్చు సంగతి కూడా చెప్పాను. చెప్పకపోతే మాట నిలబెట్టుకున్నట్టు కాదు. ఎర్రసిరా సీసా, దాని కలం గుమాస్తా బల్ల మీద పెట్టి వచ్చాను. ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ బాధించింది. లెక్కల ఉపాధ్యాయుడు మాత్రం, "ఇగ శనివారాలు పొద్దెట్ల పోవాలె?" అన్నాడు.

గుమాస్తా నా సవరణల్లో 'ళ'లు, 'శ'లు తీసుకుని, మిగిలినవన్నీ వదిలి, నవలను గడువులోపల పంపాడు. బహుమతి రాలేదు. రావలసిన నవల కూడా కాదు. మేనమామ తొమ్మిదో అధ్యాయంలో భోజనం చేస్తూనే ఉన్నాడు. ఆ నవల నాకు నచ్చలేదని ఇప్పటికీ చెబుతాను. నెలకొక నవల కక్కేవారి మీద నా అభిప్రాయం కూడా మారలేదు. ముప్పై రోజులు గుర్రాన్ని ఎండలో నిలబెట్టినవాడి మీద అంతకంటె హీనమైన అభిప్రాయం ఏర్పడింది, అంతే.

తరువాత వారపత్రికల్లో తప్పులు ఎలుకల్లా నా కళ్లముందు తిరిగాయి. మాట ఇచ్చాను గనుక చూస్తూ ఊరుకున్నాను.

ఆరేడు సంవత్సరాలు గడిచాయి. అప్పటికి నేను ఉద్యోగ విరమణకు దగ్గరలో ఉన్నాను. ఒక మధ్యాహ్నం గుమాస్తా ఒక వారపత్రిక పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అతని కథ మొదటిసారి అచ్చయింది. ముఖంలో సంతోషం, నవ్వు రెండూ ఉన్నాయి.

"సదువుండ్రి సార్. గీ లైను."

చదివాను: "అమ్మ ఉదయమే ముద్రణకు కూర్చుంది."

"నేనేం రాసిన్నో ఎరికేనా? 'అవ్వ పొద్దుగాల్నే అచ్చు అతుక కూసున్నది' అని. ఆడ గూడ మీ అసొంటోడే ఉన్నడు సార్!"

నాకు నవ్వు రాలేదు. అటువంటివాడు ఎక్కడో ఒక బల్ల ముందు కూర్చుని, తన సవరణ కింద రెండు గీతలు గీసి, తృప్తిగా టీ తాగి ఉంటాడు. అతణ్ణి నేను బాగా ఎరుగుదును.

గుమాస్తా జేబులోంచి ఒక ఎర్ర పెన్ను తీసి ముందు పెట్టాడు. "మీరే కొట్టేయుండ్రి సార్. ఈ ఒక్కదానికి మాఫీ."

వేళ్లు కదిలాయి. పెన్ను ముట్టలేదు. "మాట మాటే" అన్నాను.

"గట్లయితె నేనే దిద్దుత" అని అతడు పత్రికను మోకాలి మీద పెట్టుకుని, 'ముద్రణకు' అన్న మాటను కొట్టివేసి, దాని పైన తొందరగా రాసి నా చేతికిచ్చాడు. "అచు అతుక" అని ఉంది.

చకు ఒత్తు లేదు. చూశాను. ఊరుకున్నాను.