పళ్ళెం తిరిగి రాని క్రిస్మస్

అశోక్ నగర్‌లో మా ఫ్లాటు కింద ఈమధ్య ఒక పిండివంటల కొట్టు పెట్టారు. సాయంత్రం నాలుగయ్యేసరికి కాగిన నూనెలో వాము, నువ్వులు వేగే వాసన మూడో అంతస్తు దాకా ఎక్కి వస్తుంది. మావారు కిటికీ వేసేయమంటారు, నేను వేయను. ఆ వాసన తగిలితే చాలు, చిక్కడపల్లిలో మేము అద్దెకున్న ఇల్లు, అరవై తొమ్మిదో సంవత్సరం, నా తొమ్మిదేళ్ల వయసు గుర్తొస్తాయి.

ఒకే పెంకుటింటికి మధ్యలో గోడ కట్టి రెండు పోర్షన్లు చేశారు. వరండా, నల్లా మాత్రం ఉమ్మడి. ఒకవైపు తెనాలి నుంచి నాన్న గుమాస్తా ఉద్యోగంతో వచ్చి స్థిరపడ్డ మేము, కిరస్తానీలం. రెండోవైపు సత్తెమ్మగారు, కవాడిగూడ ప్రెస్సులో పనిచేసే ఆమె భర్త, ఊళ్లో ఒక కాలు ఇక్కడొక కాలుగా ఉండే ఆమె అత్తగారు, నా ఈడు కూతురు అనసూయ. ఎండాకాలమంతా వరండా గచ్చు మీద చింతగింజలతో ఆడి, వానలు పట్టాక సీతాఫలాలు బియ్యం డబ్బాలో దాచి రోజుకు పదిసార్లు నొక్కి చూసి, బతుకమ్మ రోజుల్లో గునుగు పూలు కోసుకొచ్చి రంగులద్ది, డిసెంబరు రాగానే మా గుమ్మం మీద కట్టే కాగితం నక్షత్రానికి మైదాపిండి జిగురు కాచి, మేమిద్దరం ఏ ఇంటి పిల్లలమో మాకే గుర్తుండేది కాదు. క్రిస్మస్ పొద్దున అమ్మ తన పేరు చుక్కలతో చెక్కించుకున్న స్టీలు పళ్ళెంలో అరిసెలు, కజ్జికాయలు పెట్టి ఇస్తే నేను పక్కింటికి తీసుకెళ్లేదాన్ని. సాయంత్రానికల్లా అది సకినాలతోనో పోళీలతోనో నిండి తిరిగొచ్చేది.

ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ గొడవలు మొదలయ్యాయి. బడులు మూసేశారు. గోడల మీద మమ్మల్ని వెళ్లిపొమ్మనే రాతలు వెలిశాయి. నాన్న చీకటి పడకముందే ఇల్లు చేరేవాడు. మా వరండాలో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు, కాని మాటలే ఆగిపోయాయి. సత్తెమ్మగారు ఏమనుకుంటోందో అమ్మే అనుకుంది, అమ్మ ఏమనుకుంటోందో సత్తెమ్మగారే అనుకుంది. వానాకాలంలో వాళ్లు తాళం వేసి ఊరెళ్లి, దసరా దాటాక వచ్చారు. ఎందుకెళ్లారని మేమడగలేదు. నల్లా దగ్గర అనసూయ తన బకెట్లోకి చూసేది, నేను నా బకెట్లోకి చూసేదాన్ని. చూడటానికి అందులో నీళ్లు తప్ప ఏముంటాయి.

క్రిస్మస్‌కు అమ్మ రెండు రోజులు తటపటాయించి, చివరికి పళ్ళెం సర్దింది. "ఇచ్చి చూద్దాం" అంది. సత్తెమ్మగారు రెండు చేతులా అందుకుంది గాని తలెత్తలేదు. సాయంత్రమైంది, పళ్ళెం రాలేదు. మర్నాడూ రాలేదు. వారం గడిచింది.

"చూశావా, మన చేతివంట పెంట మీద పోసుంటారు. ఆంధ్రావాళ్లం, పైగా కిరస్తానీలం కదా!" అని అమ్మ పాత దుప్పటి ఒకటి తీసి వరండాకు అడ్డంగా కట్టేసింది. ఇక అటు వెళితే కాళ్లు విరగ్గొడతానంది. దుప్పటికి అవతల అనసూయ చింతగింజలు ఒక్కతే ఎగరేసుకుంటున్న చప్పుడు వినిపిస్తుంటే ఏడుపు ఆగేది కాదు నాకు.

జనవరి మొదటి ఆదివారం నారాయణగూడ వైపు మా చర్చిలో ప్రభు సంస్కారం, క్రీస్తు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన. మనసులో పగ పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదని మాకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. వరసలు వరసలుగా అందరూ లేచి ముందుకెళ్లి మోకరించారు. జ్వరమొచ్చినా సంస్కారం మానని అమ్మ బల్ల మీద నుంచి లేవలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. నాకు భయమేసింది.

ఇంటికి రాగానే అమ్మ చర్చికి కట్టిన తెల్లచీరైనా మార్చుకోకుండా దుప్పటి ఎత్తి అవతలికి నడిచింది. నేనూ వెనకాలే దూరాను.

"నా మనసులో మీ మీద కోపముంది సత్తెమ్మగారూ. దాంతో ప్రభువు ముందుకెళ్లలేకపోయాను. నా తప్పేమన్నా ఉంటే క్షమించండి" అంది.

సత్తెమ్మగారు లోపలికెళ్లి, తళతళలాడేలా తోమి బట్టలో చుట్టిపెట్టిన పళ్ళెం తెచ్చింది. "మా అత్త సచ్చిపోయింది వదినె, వానకాలంల. ఏడాది దాక మా ఇంట్ల కడాయి పెట్టి పిండివంటలు చెయ్యరాదు. ఉత్త పళ్ళెం ఎట్ల పంపాలె? మీరు ఒక్క మాట పలకరియ్యకపోతిరి. మా మీద మస్తు కోపంల ఉన్నరనుకున్న. మీ అరిసెలైతే గీ పిల్ల ఒక్కతే రెండ్రోజులల్ల ఖతం చేసింది."

అమ్మ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేసింది. తెలియదంది, సిగ్గుగా ఉందంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "మా పొయ్యికి మైల లేదుగా, అక్కడ చేద్దురు గాని..." అని ఆగిపోయింది. "కాని మీరు మా వంటింట్లోకి రారేమో."

"ఎందుకు రాను? ఇన్నేండ్లల్ల ఎన్నడన్న పిల్చినవా?"

రారని అమ్మే తేల్చేసుకుని, ఒక్కసారీ పిలవలేదు.

ఆ మధ్యాహ్నమే మా వంటింట్లో తెల్లబట్ట పరిచి సత్తెమ్మగారు బియ్యప్పిండి సకినాలు చుట్టింది. అమ్మ చుట్టబోతే వంకరటింకరగా వచ్చి, ఇద్దరూ నవ్వి నవ్వి కూలబడ్డారు. నేనూ అనసూయా ముక్కలైనవన్నీ కాజేశాం. వేయించడం అయ్యాక సత్తెమ్మగారు పళ్ళెం నిండా పేర్చుకుని మా పెరటి తలుపులోంచి వాళ్లింట్లోకి వెళ్లి, వాళ్ల ముందు గుమ్మంలోంచి బయటికొచ్చి, దుప్పటిని ఒక్క గుంజు గుంజి కింద పడేసి, పెళ్లివారిలా మా గుమ్మంలో నిలబడింది. "తీస్కో వదినె!" నేను, అనసూయ చప్పట్లు కొట్టాం. ఫిబ్రవరిలో సంస్కారానికి అందరికంటే ముందు లేచింది అమ్మే.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, దాని చోట అయిదంతస్తులు లేచాయి. ఉమ్మడి వరండాలు లేవు, నల్లా దగ్గర నిలబడే పిల్లలు లేరు. అమ్మా, సత్తెమ్మగారూ కాలం చేశారు. నేనూ అనసూయా మాత్రం అరవై అయిదేళ్లొచ్చి, మనవలను పక్కన పెట్టుకుని, నిన్న కూడా ఫోన్లో గంటసేపు పోట్లాడుకున్నాం. నేనేమనుకుంటున్నానో నువ్వెట్ల చెప్తవే అని అరిచింది. సరే నువ్వే చెప్పమన్నాను. చెప్పింది, విన్నాను.