సీటడగడానికి వచ్చిన మనిషి

దెయ్యాల కబుర్లంటే నాకు ఒళ్ళుమంట. ఇప్పటికీ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోతాను. అయినా ఇది మాత్రం చెప్పక తప్పడం లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అరకులో కెమిస్ట్రీ లెక్చరర్ని. కాలేజీ స్టోర్ రూము ఖాళీ చేయించి, తలుపు మీద ‘కౌన్సెలింగ్’ అని రాయించి, ఆ పని కూడా నా నెత్తినే పెట్టారు. పిల్లలు బాధ చెప్పుకుంటే వినాలి, నా వల్ల కాకపోతే విశాఖ పెద్దాసుపత్రికి పంపాలి. ఇంటి గొడవల్లో తలదూర్చకూడదు. అంతవరకే నా పని.

ఆ రోజుల్లో కౌన్సెలింగంటే అందరికీ ఇంజనీరింగ్ సీట్లే. సర్టిఫికెట్లు పట్టుకుని ఎవరో ఒకరు వచ్చేవారు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టేది.

దైమతి అని డిగ్రీ సెకండియర్ పిల్ల. పై కొండల మీద ఊరు. దసరా సెలవుల తర్వాత మాట్లాడటం మానేసింది. ఎంత బతిమాలినా నేలచూపులే. చివరికి చదువు మానేస్తానని టీసీ అడిగింది. ఆపే అధికారం నాకెక్కడిది?

ఆ మధ్యాహ్నమే ఒకావిడ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. మోకాళ్ళ దాకా తడిసిన చీర, పచ్చి కాఫీ పళ్ళ వాసన. ఎడమ చూపుడువేలు సగమే ఉంది.

“నా గుంట దైమతికి సీటియ్యమ్మా. సదువు మానేత్తానంతంది.”

ఇక్కడ సీట్లివ్వరమ్మా, పిల్లల బాధ వింటాం అన్నాను.

“మరి ఇన్నావేటి?” అంది.

అది నోరు విప్పితేగా అన్నాను.

“నానొచ్చినానని సెప్పు. ఇప్పుతాది.”

ఉండమని చెప్పి క్లాసుకి వెళ్ళి పిల్లని వెంటబెట్టుకొచ్చాను. కుర్చీ ఖాళీ. మీ అమ్మ వచ్చిందే అన్నాను.

“మా అమ్మేటి మేడమ్? సెలవుల్లో జొరమొచ్చి పోనాది.”

నేను వేలి సంగతి చెప్పాను. కొడవలికి తెగిన వేలట. అప్పుడు ఏడ్చింది చూడండి, నా ఒళ్ళో తల పెట్టుకుని! చీకటి పడేదాకా అమ్మ గురించే చెప్పింది. టీసీ మాట మళ్ళీ ఎత్తలేదు, డిగ్రీ పూర్తిచేసింది.

గేటు దగ్గర అటెండరు ఆడమనిషెవరూ రాలేదన్నాడు. బంధువులెవరైనా అయ్యుంటారేమోనని ఆరా తీశాను. అలాంటి చెయ్యి ఉన్నవాళ్ళు లేరు.

మరుసటేడు మా అమ్మ పోయింది. ఆ గది పిల్లల కోసం, లెక్చరర్ల బాధ వినేవాళ్ళు లేరు. సాయంత్రాలు కాలేజీ ఖాళీ అయ్యాక తలుపు బార్లా తీసిపెట్టుకుని అక్కడే కూర్చునేదాన్ని. నమ్మనిదాన్ని, ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ చెప్పలేను.

మంచు లోపలికి వచ్చేది. అమ్మ రాలేదు.