ఎల్బో చెప్పబోయి

బి.ఇడి. అయిన కొత్తలో చిలకలూరిపేట దగ్గర ఒక ఇంగ్లిష్ మీడియం స్కూలువాళ్లు డెమో క్లాసుకు పిలిచారు. అప్పటికే రెండు స్కూళ్లు నన్ను వద్దన్నాయి. ఆ ఉదయం అమ్మతోపాటు ఎండుమిరపకాయల ముచ్చికలు తీసి, చేతులు సబ్బుతో కడుక్కునే బస్సెక్కాను.

పాఠం చెప్పమని నాకిచ్చిన ఇంగ్లిష్ మాట 'ఎల్బో'. కరస్పాండెంటు గారు వెనక బెంచీలో కూర్చునేసరికి నాకు చెమటలు పట్టాయి. ముందు నా మోచేయి చూపించాను. జనాన్ని తోసుకుని పోవడాన్నీ ఎల్బో అంటారని బస్సెక్కినట్టు నటించాను. ఒళ్లొంచి చేసే చాకిరీని ఎల్బో గ్రీజ్ అంటారని చెబుతూ కంట్లోకి దిగిన చెమట తుడుచుకున్నాను. భగ్గున మండింది. కంగారులో రెండో కన్నూ తుడిచాను. బోర్డూ, కరస్పాండెంటూ, ఉద్యోగమూ ఒకేసారి కనబడకుండా పోయాయి.

"టీచర్! ముచ్చికలు తీసొచ్చారా? చేత్తో కాదండీ, మోచేత్తో తుడుచుకోవాలి!" అని ముందు బెంచీ పిల్ల అరిచింది. వాళ్లవీ మిరప పండించే ఇళ్లేగా! క్లాసంతా మోచేతులెత్తి ఎలాగో చూపించిందట. నాకు నవ్వులే వినిపించాయి.

ముఖం కడుక్కొచ్చి, వెళ్లొస్తానన్నాను.

"ఎక్కడికమ్మా? ఎల్బో అంటే ఏంటో ఈ పిల్లలు జన్మలో మర్చిపోరు. సోమవారం వచ్చెయ్యండి" అన్నారు కరస్పాండెంటు గారు.

ఇప్పటికీ ఆ పాఠం చేతులు వెనక్కి కట్టుకునే చెబుతాను. మోచేతులు అప్పుడే బాగా కనబడతాయి.