తాడు సందుకు ఆ పేరెలా వచ్చింది

నా చిన్నప్పుడు మేము పాతగుంటూరులో తాడు సందులో ఉండేవాళ్ళం. ఇళ్ళకు కేబుల్ టీవీలు కొత్తగా వస్తున్న రోజులవి. రెండు సైకిళ్ళు ఎదురుపడితే ఒకరు దిగాల్సిందే, అంత ఇరుకు సందు. ఎండాకాలంలో మిరప కొట్ల మీదుగా గాలి మళ్ళితే వీధి వీధంతా తుమ్మేది. అవేవీ నాకు కష్టంగా ఉండేవి కావు. ఆ పేరే కష్టం. బళ్ళో చెబితే "ఉరితాడు సందా?" అని నవ్వేవాళ్ళు. అందుకని మా ఇల్లెక్కడంటే "మార్కెట్టు వెనక" అనేదాన్ని.

ఎనిమిదో తరగతిలో మా సోషల్ టీచరుగారు ఎవరి వీధి కథ వాళ్ళు పెద్దవాళ్ళను అడిగి రాసుకురమ్మన్నారు. బాగున్నవి వార్షికోత్సవంలో చదివిస్తామన్నారు. నేను ఎవరినీ అడగలేదు. అడిగితే నిజంగానే ఏ ఉరి కథో బయటపడుతుందని భయం. ఒక రాజుగారి పట్టపుటేనుగును మా సందులో కట్టేసేవారనీ, అది తాడు తెంచుకుని వెళ్ళి రాజును శత్రువుల నుంచి కాపాడిందనీ మూడు పేజీలు అల్లేశాను. టీచరుగారికి తెగ నచ్చింది.

వార్షికోత్సవానికి మా అమ్మతో పాటు పక్కింటి మామ్మ కూడా వచ్చింది. సందులో అందరికన్నా పెద్దది ఆవిడే. కాపురానికి వచ్చింది మొదలు ఆ ఇల్లు వదల్లేదు. ముందు వరసలో ఆవిడను చూడగానే కాగితాల్లోకి తల దించేసుకున్నాను. ఎలాగో చదివాను. చప్పట్లు ఆగాక టీచరుగారు మైకులో, "మామ్మగారూ, మీరూ ఆ సందువారేనటగా. ఈ ఏనుగు సంగతి మీరెప్పుడైనా విన్నారా?" అని అడిగేశారు.

మామ్మ నావంక చూసింది. నా మొహంలో ఆవిడకు అంతా కనిపించే ఉంటుంది. లేచి కొంగు సర్దుకుని, "ఏనుగును నేను చూళ్ళేదమ్మా. తాడు మాత్రం నిజమే. పిల్ల బాగా చదివింది," అని కూర్చుంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మర్నాడు ఆవిడే పిలిచింది. తిట్లు తప్పవనుకున్నాను. జంతికల పళ్ళెం నా ముందుకు జరిపి, "మనిషుండగా ఏనుగెందుకే తల్లీ?" అంది. అప్పుడు చెప్పింది.

ఆవిడ పడుచుతనంలో ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చి కరెంటు స్తంభాలు కూలాయట. కుళాయిలు ఆగిపోయాయి. సందు చివర బావి ఉంది గానీ, కుళాయిలు వచ్చాక ఎవరూ వాడక గిలకకు తాడు కూడా లేదు. కొట్లన్నీ మూసేశారు. పట్టి ఉంచుకున్న వాననీళ్ళు అయిపోయి చంటిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తుంటే, సందు మొదట్లో పాకలో ఉండే ఒకావిడ వచ్చింది. మిరప కొట్లలో తొడిమలు తీసే పని ఆమెది. కులం పేరు చెప్పి ఆమెను ఆ బావి గట్టెక్కనిచ్చేవారు కారట. ఉన్న మూడు చీరల్లో రెండింటిని నిలువునా చీల్చి, జడలా పేని తాడు చేసింది. తనే గట్టెక్కి తోడింది. అడ్డం చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. నాలుగు రోజులు సందంతా ఆమె తోడి పోసిన నీళ్ళే తాగింది. అప్పటి నుంచే అది తాడు సందయిందట.

"మా చిన్నాడు అప్పుడు పాలు తాగే పిల్లాడు. ఆ నీళ్ళతోనే బతికాడు," అంది మామ్మ. "కుళాయిలు రాగానే మళ్ళీ ఆమె చేతి నీళ్ళు ఎవరమూ ముట్టలేదే. నేనూ ముట్టలేదు. నా గుమ్మం ముందు నుంచే పనికి పోయేది. చీల్చిన చీరలకు బదులు ఒక చీర పెట్టాలని కూడా నాకు తోచలేదు."

"ఆవిడ పేరేంటి మామ్మా?"

మామ్మ జంతికల పళ్ళెం పక్కకు జరిపింది. "అడగలేదే," అంది.

ఆ సాయంత్రం మోకాళ్ళు నొప్పులంటూనే నన్ను వెంటబెట్టుకుని ముసలివాళ్ళున్న ప్రతి ఇంటికీ తిరిగింది. 'తొడిమలామె' అన్నారొకరు. 'పాకలో మనిషి' అన్నారింకొకరు. చీల్చిన చీరల్లో ఒకటి ఆకుపచ్చదని కూడా ఒకాయనకు గుర్తుంది. పేరు ఎవరికీ తెలియదు. పాకలు తీసేయించినప్పుడు ఎటు వెళ్ళిందో కూడా తెలియదు. సందుకు తాడు పేరు పెట్టుకున్నవాళ్ళు తాడు పేనిన మనిషి పేరు అడగలేదు.

సోమవారం టీచరుగారి దగ్గర నిజం ఒప్పుకుని, కొత్తగా రాసింది తరగతిలో చదివాను. "నేను ముట్టలేదన్నదీ రాయి, దాచకు," అని మామ్మ చెప్పింది కనుక అదీ రాశాను. "ఆమె పేరు మాకు తెలియదు" అన్న ఆఖరి వాక్యం దగ్గర ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ నవ్వనూ లేదు.

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. నా జుట్టు కూడా నెరుస్తోంది. నా అబద్ధాన్ని అంతమందిలో కడుపులో పెట్టుకుని, తన తప్పును మాత్రం పదమూడేళ్ళ పిల్ల ముందు విప్పి చెప్పిన ఆ మనసు నాకు పూర్తిగా అబ్బిందని చెప్పలేను. ఒక్క అలవాటు మాత్రం మిగిలింది. ఎవరింట్లోనైనా, ఏ ఆఫీసులోనైనా మంచినీళ్ళ గ్లాసు అందించిన మనిషిని, తాగేముందు పేరడుగుతాను. కొందరు వింతగా చూస్తారు. కొందరు మాత్రం, తమనేనా అడిగింది అన్నట్టు ఒక్క క్షణం ఆగి, మెల్లగా చెబుతారు.