చిలకల అంచు కుర్తా

పోయిన ఆదివారం మా కోడలు నన్ను తార్నాకలో పాత బట్టలు అమ్మే చోటికి తీసుకెళ్లింది. పాత బట్టలంటే ఆ పిల్ల ఒప్పుకోదు, వాటికిప్పుడు వేరే పేర్లున్నాయట. ఒక కాఫీ హోటలు మేడమీద చల్లటి హాల్లో, ఎవరెవరో కట్టి విడిచిన చీరలూ చొక్కాలూ కోట్లూ శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసి హ్యాంగర్లకు వేలాడదీశారు. ఇవి కొంటే భూమికి మేలు, కుట్టేవాళ్ల కడుపు కొట్టినట్టు కాదు అని గోడల మీద అందంగా రాసిపెట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు మొదట సంతోషమే కలిగింది. పట్టుచీర కోసి కుట్టిన ఒక పొట్టి కోటును చేతిలోకి తీసుకుని, లోపలి కుట్టు ఎట్లా వచ్చిందో తిప్పి చూసుకుంటున్నాను. అంతలో ఆ అమ్మకం పెట్టినామె, మా కోడలి వయసే ఉంటుంది, మైకు పట్టుకుని, "ఒకరు కట్టిన బట్టను ఇంకొకరు గర్వంగా వేసుకునేలా చేసింది ఈ సిటీలో మేమే, మాకన్నా ముందు ఎవరికీ ఈ ఐడియా రాలేదు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోటు ఎక్కడిదక్కడ తగిలించి మెట్లు దిగి వచ్చేశాను. ఏమైందత్తయ్యా అంటూ కోడలు వెనకాలే పరుగెత్తుకొచ్చింది గానీ, నేను ఆటో ఎక్కి కూర్చున్నాను. ఆ పిల్లకు చెప్పలేకపోయింది మీకు చెబుతాను. నా ఈడువాళ్లు గనక నా కోపం మీకు తొందరగా తెలుస్తుంది.

నేను అనంతపురం వైపు నుంచి ఎమ్మే చదవడానికి వచ్చి, తార్నాకలో మా పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. బాబాయి యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. రెండు గదుల అద్దె ఇల్లు, ముందు సన్నటి వసారా, ఆ వసారాలో పిన్ని కుట్టు మిషను. ఊరి నుంచి తెచ్చుకున్న నాలుగు బట్టలు క్యాంపస్‌లో తిప్పి తిప్పి కట్టేసరికి నాకే మొహం మొత్తేది. కొత్తవి కొనే స్తోమత మాకు లేదు, అడిగే ధైర్యం నాకు లేదు. పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఒక ఆమె బౌద్ధనగర్ నుంచి మా వీధికి వచ్చేది. తలమీద గంపలో మెరిసే సామాన్లు, భుజాన బట్టల మూట. అటు క్యాంపస్ క్వార్టర్లు, ఇటు మా వీధులు తిరిగి పోగేసినవన్నీ ఆమె చివరికి పాత బట్టల సంతలో అమ్ముకునేది. మా పిన్ని మాత్రం ఆ మూటను ముందు మా వసారాలో విప్పించేది. చీరను రెండు చేతులా ఎత్తి వెలుతురుకు పట్టి, ఎక్కడ జీవం ఉందో ఎక్కడ పోయిందో చూసుకుని, పోయినచోటు కోసి పారేసి, ఉన్నచోటుతో నాకు కుర్తాలు కుట్టేది. లోపల బాబాయి పాత మల్లు పంచె లైనింగు. ఆ కాలంలో నేనెంత స్టైలుగా ఉండేదాన్నో ఇప్పుడు చెప్పుకుంటే మీరు నవ్వుతారు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద హాస్టలు అమ్మాయిలు ఆపి మరీ ఎక్కడ కొన్నావని అడిగేవాళ్లు. నేను ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. కొందరు ముక్కు చిట్లించుకునేవాళ్లు, కొందరు సెలవులకు వెళ్లి అమ్మ పాత చీరలు తెచ్చుకుని మా వసారాలో పిన్ని ముందు కూర్చునేవాళ్లు. ఆ ఐడియా, ఎవరికీ రాలేదన్న ఐడియా, అప్పటికే మా వసారాలో మిషను తొక్కుతూ ఉండేది.

అన్నిటిలోకీ నాకు ప్రాణం వంకాయ రంగు పట్టు కుర్తా. చీర మడతల దగ్గర పిగిలిపోయింది గానీ, అంచు మాత్రం నిన్న నేసినట్టుంది. ఎదురెదురుగా కూర్చున్న చిన్న చిన్న బంగారు చిలకలు. పిన్ని ఆ అంచును చేతులకూ మెడకూ వేసి కుట్టింది. దాన్ని మొదటిసారి వేసుకుని సెమినార్‌కు వెళ్లిన రోజే మాకు పాఠం చెప్పే మేడం నన్ను తన గదిలోకి పిలిచింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, క్యాంపస్‌లోనే క్వార్టరు. నా చెయ్యి పట్టుకుని అంచు తిప్పి చూసి, ఇది మా అమ్మ నాకు పెట్టిన చీర, నీకెక్కడిది అంది. గిన్నెలామె దగ్గర తీసుకున్నామని చెప్పాను. ఆమె నన్నేమీ అనలేదు. "అయితే మా పనిమనిషే తీసి అమ్ముకుందన్నమాట" అని మాత్రం తనలో తను అనుకున్నట్టుగా అంది. ఇంట్లో ఇంకెవరైనా ఇచ్చి ఉంటారేమో మేడం అని నేనంటూనే ఉన్నాను. ఆమె గంట కొట్టకముందే క్లాసుకు వెళ్లిపోయింది.

మర్నాటికల్లా ఆ పనిమనిషిని మాన్పించేశారు. ఊరికే మాన్పించలేదు. క్వార్టర్ల వరుసలో ప్రతి ఇంటికీ, పట్టుచీర ఎత్తుకుపోయింది, మీ సామాన్లు జాగ్రత్త అని కబురు చేశారు. దాంతో ఆమె ఆ వరుసలో చేసే మిగతా ఇళ్ల పనీ ఒక్కపూటలో పోయింది. ఆమెదీ గిన్నెలామెదీ ఒకటే గల్లీ. ఇద్దరూ కలిసి నేరుగా మా వసారాలోకి వచ్చి నిలబడ్డారు. పనిమనిషి ఏడుస్తూ వచ్చిందేమో అనుకుంటారు, లేదు. పళ్లు బిగించుకుని వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. "ఎవరి దగ్గర తీసుకున్నవో గా ఇంటికొచ్చి చెప్పు అక్కా, నువ్వు సదువుకున్నదానివి, నీ మాట ఇంటరు" అని నన్నే అడిగింది. నేను పిన్ని వైపు చూశాను. గట్టిగా నలుగురిలో మాట్లాడి ఎరగని మనిషి మా పిన్ని. మిషను మీది గుడ్డ తీసి మడిచి పక్కన పెట్టి, నన్ను ఆ కుర్తాయే వేసుకుని రమ్మంది.

నలుగురమూ నడుచుకుంటూ క్వార్టరుకు వెళ్లేసరికి మేడం లోపల ఉంది, ఆమె అత్తగారు వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. గిన్నెలామె ఏమీ అనకముందే ఆ పెద్దావిడ ఆమెను గుర్తుపట్టింది. నా కుర్తా చూసి మొహం విప్పారి, "ఓయమ్మా, ఆ చీరేనా ఇది! ఎంత బాగా కుట్టించుకున్నావమ్మా. మడతల్లో పిగిలిపోయిందని నేనే ఇచ్చాను, మూత డబ్బా తీసుకున్నాను" అంది. ఇక అయిపోయిందనుకున్నాను. కానీ ఆమె ఆగలేదు, కోడలు మొన్న సాయంత్రం అడిగినప్పుడే ఈ మాట చెప్పాను కదా అంది.

మొన్న సాయంత్రం. అంటే ఆమెను మాన్పించడానికి ముందే.

మేడం గుమ్మంలోకి వచ్చి నిలబడి అంతా వింది. తప్పు తెలిసి తలదించుకుంటుందని చూశాను. దించుకోలేదు. ఒక ఇంటి చీర మరొకరి ఒంటిమీద చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుందనీ, నోరు జారాక వెనక్కి తీసుకుంటే పనివాళ్ల ముందు చులకనైపోతామనీ ఇంగ్లీషులో, నాకొక్కదానికే అర్థమయ్యేటట్టు చెప్పింది. తరువాత పనిమనిషి వైపు తిరిగి, "సరేలే, రేపట్నుంచి వచ్చెయ్యి" అంది, ఏదో దానం చేస్తున్నట్టు.

"పని వద్దు నాకు. దొంగతనం చేసిందని ఇంటింటికి చెప్పిన్రు గద, చెయ్యలేదని గూడ గట్లనే చెప్పుండ్రి" అంది ఆ మనిషి.

మేడం తలుపు వేసుకుంది. అత్తగారు చిక్కుడుకాయల చేట పట్టుకుని వరండాలోనే ఉండిపోయింది, ఎటు చూడాలో తెలియక.

అప్పుడు మా పిన్ని నా చెయ్యి పట్టుకుని, "పా పాపా, ఆమె చెప్పకుంటే మనమే చెప్దాము" అంది. వరుస మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా ప్రతి తలుపూ తట్టింది. తలుపు తీసినవాళ్లకు నన్ను ముందు నిలబెట్టి, అంచు చూపించి, పక్కనున్న పనిమనిషిని చూపి, "ఈయమ్మి దొంగ కాదు. ఈ చీర ఆ ఇంటి పెద్దామె తన చేత్తో ఇచ్చిండేది. ఇది చెప్పల్లనే వచ్చినాము" అనేది. అంతే, ఇంకో మాట లేదు. కొందరు అయ్యో అన్నారు. కొందరు మాకెందుకమ్మా అన్నారు. ఒకావిడ మంచినీళ్లు ఇచ్చి లోపల కూర్చోమంది గానీ పిన్ని కూర్చోలేదు.

ఇంటికొచ్చాక బాబాయి మండిపడ్డాడు. ఆ ప్రొఫెసర్లంతా రోజూ తన ఆఫీసుకు వచ్చేవాళ్లేనని, తన మొహం ఎక్కడ పెట్టుకోవాలని అరిచాడు. పిన్ని అన్నం వడ్డించింది. ఆ పనిమనిషికి ఆ వరుసలో మళ్లీ పని దొరకలేదు. దొంగ కాదని నమ్మినవాళ్లు కూడా, గొడవ మనిషి అని వద్దనుకున్నారు. మల్కాజ్‌గిరిలో ఏవో ఇళ్లు కుదుర్చుకుని అంత దూరం నడిచి వెళ్లేదని గిన్నెలామె చెప్పేది. మేడం నాకు చదువు అయ్యేదాకా పాఠం చెప్పింది, ఏమీ జరగనట్టే. నేను ఆ కుర్తా చిలకల దారాలు ఊడిపోయేదాకా ఆమె క్లాసుకే వేసుకెళ్లాను. అంతకు మించి ఏం చెయ్యాలో ఆ వయసులో నాకు తెలియలేదు. ఆ కోపం అట్లాగే మిగిలిపోయింది, ఇన్నేళ్లకు ఆ చల్లటి హాల్లో చప్పట్ల మధ్య మళ్లీ లేచింది.

ఈ కాలం పిల్లలు పాత బట్టలు సిగ్గుపడకుండా వేసుకుంటున్నారంటే నాకు మంచిదే. నీ చీర ఎవరిదని ఇప్పుడు ఎవరూ చెయ్యి పట్టుకుని అడగరు, పైగా మెచ్చుకుంటారు. బట్టకు అంత గౌరవం వచ్చింది. కానీ మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర, సాయంత్రం ఇళ్లకు వెళ్లే పనివాళ్ల సంచులు విప్పి చూస్తారు. సంచిలో మనమిచ్చిన పాత చీర ఉంటే, ఇచ్చామని ఫోన్లో చెప్పేదాకా ఆమె గేటు పక్కన నిలబడాలి. ఇది తగదని నేను సంఘం మీటింగులో లేచి చెప్పాను. "సెక్యూరిటీ కోసమే కదా ఆంటీ, అందరి మంచికే" అన్నారు, మా కోడలితో సహా. మా పిన్ని పోయి చాలా ఏళ్లయింది. ఆ రోజు విన్నా వినకున్నా ఆమె కోసం ప్రతి ఇంటివాళ్లూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఈ సంచుల సంగతి చెబుదామని ఇప్పుడు నేను ఇంటింటికీ వెళ్లి బెల్లు కొడితే తలుపుకున్న కెమెరాలో నన్ను చూసుకుని, ఏం కావాలని లోపలి నుంచే అడుగుతున్నారు.