ఏడు చుక్కల బిళ్ళ

తెలంగాణ రావడానికి ఇంకా రెండు మూడేళ్ళుందనగా, మా గోదావరిఖని క్వార్టర్లలో నీళ్ళంటే రెండే రకాలు. రోజు విడిచి రోజు నల్లాలో వచ్చేవి ఒకటి, బొగ్గుబాయిలోంచి, అంటే గనిలోంచి, మోటార్లు పెట్టి పైకి తోడేవి రెండోది. ఊరి పేరులోనే గోదావరి ఉన్నా, ఆ నది దగ్గరికి మేం పోయేది పుష్కరాలకో, ఎవరివైనా అస్థులు కలపడానికో. సరదాకి నీళ్ళ మీదికి పోవడమనే ముచ్చటే మాకు తెలియదు. అలాంటి ఊళ్ళోంచి, డిగ్రీ రెండో సంవత్సరం సెలవుల్లో, నేను అంతర్జాతీయ యువజన శిబిరానికి ఎంపికయ్యాను. పొద్దున తెరచాప పడవలు నడపడం, మధ్యాహ్నం ప్రాచీన చరిత్ర. ఈ రెండింటినీ కలపాలన్న ఆలోచన ఎవరిదో గానీ, మే నెలలో పెట్టాలన్న ఆలోచన మాత్రం మా వేసవిని ఎన్నడూ చూడనివాళ్ళదే. వాళ్ళ దేశాల్లో సమ్మర్ అంటే ఎండ కోసం వెతుక్కుంటూ పోయి పడుకునే కాలమట. (మా దగ్గర ఆ పని చేస్తే సాయంత్రానికి దవాఖానలో సెలైన్ ఎక్కిస్తారు. ఇద్దరికి ఎక్కించారు కూడా.)

శిబిరం గోదావరి ఒడ్డున, ప్రాజెక్టు నీళ్ళు కొత్తగా నిలిచిన చోట పెట్టారు. మోపెడ్ మీద మా ఇంటి నుంచి గంట దారి. పక్కనే శాతవాహనుల కాలం నాటి దిబ్బ ఒకటి, సగం మునిగి సగం తేలి ఉండేది. ఆ దిబ్బ కిందుగా ఉన్న ఊరు మాత్రం పూర్తిగా మునిగింది. జనం ముందే ఖాళీ చేసి పోయారు. కాస్త ఎత్తులో కట్టిన బడి ఒక్కటే మిగిలింది, మా తరగతులు అందులోనే. నల్లబల్ల మీద ఎవరో పిల్లవాడు సగం చేసి వదిలేసిన భాగాహారం ఇంకా అలాగే ఉండేది. దాన్ని చెరపడానికి మాకెవరికీ చేయి రాలేదు. పన్నెండు మంది విదేశీయులు, నలుగురం ఇక్కడివాళ్ళం. దరఖాస్తులో ఈత వచ్చా అని అడిగితే నేను 'బాగా వచ్చు' అని రాశాను. అమ్మమ్మ వాళ్ళ వ్యవసాయ బావిలో నడుముకి ఎండిన సొరబుర్ర కట్టుకుని రెండుసార్లు తేలిన అనుభవం అది. (రెండోసారి బుర్ర ఊడిపోయింది. ఆ సంగతి దరఖాస్తులో అడగలేదు.)

అబద్ధమాడడానికి కారణం ఉంది. శిబిరం ముగిసేనాటికి ఇక్కడివాళ్ళం నలుగురిలో ఒకరిని ఎంచి, మరుసటి ఏడాది మధ్యధరా సముద్రం ఒడ్డున జరిగే శిబిరానికి తీసుకుపోతామన్నారు. నేను అప్పటికి సముద్రం చూడలేదు. సముద్రం దాకా ఎందుకు, రైలెక్కిందే మూడుసార్లు. ఆ ఒక్కరు నేనే కావాలని ఎంత కోరికగా ఉండేదంటే, అన్నం ముందు కూర్చుంటే మెతుకు దిగేది కాదు. పడవలో నేను పనికిరానని మొదటి రోజే తేలిపోయింది. తాడు లాగమంటే వదిలేదాన్ని, వదలమంటే లాగేదాన్ని. ఇక మిగిలింది చరిత్ర. మధ్యాహ్నం దిబ్బ మీద నడుస్తూ, పైపైన కనిపించే కుండపెంకులు, పూసలు సారుకు చూపించాలి. హైదరాబాదు నుంచి వచ్చిన ఆ ముసలాయనకు మేం పెంకుల సారు అని పేరు పెట్టుకున్నాం. అందరికీ ఏదో ఒకటి దొరికేది. ఒక జర్మనీ అమ్మాయికి పూస, పెద్దపల్లి కుర్రాడికి ఏకంగా మట్టి ఏనుగు తల. నాకు ఆరు రోజుల్లో దొరికింది ఒక సీసా మూత.

ఇక మా బాపు సంగతి చెప్పాలి. ఆయన బాయిలో ల్యాంప్ రూమ్ మనిషి. అంతకుముందు కిందికి దిగి బొగ్గు కొట్టినవాడే, కాలు దెబ్బతిన్నాక పైన పని ఇచ్చారు. షిఫ్టుకు దిగేవాళ్ళకు తలదీపం, ఇత్తడి బిళ్ళ ఇవ్వడం, వాళ్ళు ఎక్కివచ్చాక రెండూ తీసుకుని బిళ్ళను దాని మేకుకు తగిలించడం ఆయన డ్యూటీ. మేకు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. బోర్డు నిండేదాకా బాపు కుర్చీలోంచి లేచేవాడు కాదు. నేను ఐదో తరగతిలో ఉండగా ఒక రోజు బాయిలో కప్పు కూలింది. ఆ రోజు ఒక్క మేకు నిండలేదు. అది మా కాకది, బాపు సొంత తమ్ముడిది. మరునాటి దాకా బాపు ఆ మేకునే చూస్తూ కూర్చున్నాడని అమ్మ చెప్పేది. ఏడవలేదట. ఆ తర్వాత ఆయనకు మాటలు తగ్గాయి, లెక్కపెట్టడం ఎక్కువైంది. పెళ్ళికి పోయినా, బస్సెక్కినా మమ్మల్ని లెక్కపెట్టేవాడు. (ఇంట్లో ఉన్నదే ముగ్గురం. అయినా సరే రెండుసార్లు లెక్కపెట్టేవాడు.)

అలాంటి మనిషి మొదటి రోజు నన్ను దింపడానికి వచ్చి, ఒడ్డున నిలబడి నాలుగు పడవలు సర్దుతున్నది చూశాడు. పడవలు నేర్పే విదేశీ ఆవిడను మేం కెప్టెనమ్మ అనేవాళ్ళం. ఆవిడ వైపు చూపిస్తూ నన్ను పిలిచాడు.

"బిడ్డా, గింతమంది నీళ్ళల్లకు పోతున్నరు. లెక్క ఎవలు చూస్తున్నరో అడుగు."

అడిగాను. అందరికీ లైఫ్ జాకెట్లున్నాయనీ, తాను కళ్ళతో చూస్తూనే ఉంటాననీ ఆవిడ నవ్వుతూ చెప్పింది. ఆ మాట బాపుకు చెప్పాను.

"కండ్లు రెప్ప కొడ్తయ్ బిడ్డా. మేకు రెప్ప కొట్టదు. గామెకు చెప్పు."

నేను చెప్పలేదు. మరునాడు ఆయనే మోపెడ్ వెనక ప్లైవుడ్ చెక్క కట్టుకుని దిగాడు. చెక్కకు పదహారు మేకులు, మేకుకో ఇత్తడి బిళ్ళ. పాత రేకు కత్తిరించి, అంచులు అరగదీసి, పైన తగిలించడానికి చిల్లు పెట్టాడు. అంకెల బదులు మేకుతో కొట్టి చుక్కలు పెట్టాడు. ఒకటో బిళ్ళకు ఒక చుక్క, రెండో దానికి రెండు, అట్లా పదహారు దాకా.

"అంకెలెందుకు వెయ్యలే బాపూ?" అని పళ్ళు బిగించి అడిగాను.

"వాళ్ళది ఏ దేశమో ఏమో. మన అంకెలు వాళ్ళకెట్ల తెలుస్తయ్? చుక్కలైతే ఎవలైనా లెక్కవెడ్తరు."

(లోకమంతా వాడే అంకెలవే అని చెప్పే ధైర్యం లేకపోయింది. పదహారో బిళ్ళ అప్పటికే జల్లెడ అయిపోయింది.) విదేశీయులకు ఆ బోర్డు తెగ నచ్చింది. దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. నాకు మాత్రం సిగ్గుతో ప్రాణం పోయింది. సముద్రం దాకా పోదామనుకుంటున్న పిల్ల వెనకే బాయి కూడా వచ్చి కూర్చుందే అని ఏడుపొచ్చింది. "ఇది బాయి కాదు బాపూ" అన్నాను, నలుగురిలోనే. "అయితేంది? నీళ్ళు గూడ కిందికే గుంజుతయ్" అని, బోర్డును ఒడ్డున గుంజకు కట్టి, నా చేతిలో ఏడో బిళ్ళ పెట్టి డ్యూటీకి పోయాడు. పడవెక్కేటప్పుడు తీసుకోవాలి, దిగాక తగిలించాలి. అదీ నియమం.

ఏడో రోజు పొద్దున పెంకుల సారు, ఎంపిక రేపే అన్నాడు. పడవ దిగి అందరూ బిళ్ళలు తగిలిస్తుంటే నేను నా బిళ్ళను చూస్తూ నిలబడిపోయాను. వంకర అంచులు, వంకర చుక్కలు. ఇది రెండు వేల ఏళ్ళ నాటిది కాదని ఎవరు చెప్పగలరు? అన్నం డబ్బాలో చింతపండు పచ్చడి ఉంది. పాతగా కనిపించాలని దానితో బాగా రుద్దాను. బిళ్ళ బంగారంలా తళతళలాడింది! (ఇంట్లో ఇత్తడి బిందెలు పండగ పండగకీ చింతపండుతో తోమేది నేనే. తెలివంటే అదీ.) ఇక లాభం లేదని పేడ, బురద, పడవ గ్రీజు కలిపి పట్టించి, దిబ్బ మీద మడమతో తొక్కి, గంట ఆగి, "సార్!" అని కేకేశాను. నాకే నమ్మకం కలిగేంత బాగా కేకేశాను.

సారు దాన్ని రుమాల్లోకి తీసుకునేలోపే పడమటి నుంచి గాలిదుమారం లేచింది. మే నెలలో మా దగ్గర లేచే దుమారమంటే ఎర్రగా, గుడ్డిగా వచ్చి మీద పడుతుంది. కెప్టెనమ్మతో సహా అందరం బడిలోకి పరిగెత్తి తలుపులు మూసుకున్నాం. చెమట తగలొద్దని సారు బిళ్ళను ఎవరినీ ముట్టనివ్వలేదు, భూతద్దం మీద వంగి తన తలతోనే మాకు అడ్డమైపోయాడు. ఏడు చుక్కలంటే సప్తర్షి మండలం కావచ్చన్నాడు. పైన చిల్లుంది కాబట్టి తాయెత్తు అయ్యుండొచ్చు, ఆపద రాకూడదని ఎవరో కన్నవాళ్ళు తమ బిడ్డకు కట్టి ఉంటారన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మధ్యధరా సముద్రానికి ఏ బట్టలు కట్టుకుపోవాలా అని ఆలోచిస్తున్నాను.

అప్పుడు వినిపించింది కేక. నా ఇంటిపేరుతో సహా, పూర్తి పేరు. బాయిలో హాజరుకు మస్టర్ పిలిచినట్టు.

ఫస్టు షిఫ్టు దిగి నన్ను తీసుకుపోవడానికి వస్తూ, దారిలో దుమారం చూసి, పడవలు గుర్తొచ్చి బాపు ఆ గాలిలోనే మోపెడ్ ఆపకుండా వచ్చాడు. ఒడ్డున మనుషులెవరూ లేరు. కట్టు తెంచుకున్న పడవ ఒకటి నీళ్ళ మధ్యలో బోర్లా పడి ఉంది. బోర్డు మీద పదిహేను బిళ్ళలు గాలికి కొట్టుకుంటున్నాయి. ఏడో మేకు ఖాళీ. కిటికీ తెరిచి చూసేసరికి బాపు డ్యూటీ బూట్లతోనే ఛాతీ లోతు నీళ్ళల్లో ఉన్నాడు. ఆయనకు ఈత రాదు. "బాపూ, నేనీడున్న!" అని అరుస్తూ పరిగెత్తాను. గాలికి నా మాట నాకే వినపడలేదు. కెప్టెనమ్మ నన్ను దాటుకుని దూకి, ఆయన కాలర్ పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చింది. నేను ఎదురుగా నిలబడ్డాను. ఆయన నన్ను చూడలేదు. నా భుజం మీదుగా బోర్డును చూస్తున్నాడు.

"ఏడు లేదు బిడ్డా," అన్నాడు నాతోనే. "ఏడు లేదు."

సారు వెనకే వచ్చాడు, చేతిలో రుమాలుతో. అందరూ వచ్చారు. నోరు విప్పితే నా సముద్రం అక్కడితో ముగిసిపోతుందని తెలుసు. అయినా బాపు చూపు ఆ మేకు మీదనుంచి కదలడం లేదు. "సార్, అది తాయెత్తు కాదు. నా బిళ్ళ. నేనే పాతిపెట్టిన" అన్నాను. బాపు ఆ బిళ్ళ తీసుకుని తడి చొక్కాతో తుడిచి, బొటనవేలితో చుక్కలు ఒక్కొక్కటే లెక్కపెట్టి, కుంటుకుంటూ పోయి మేకుకు తగిలించాడు. "లెక్క సరిపోయింది" అని నేల మీద కూలబడి భోరున ఏడ్చాడు. కాక పోయినప్పుడు రాని ఏడుపంతా ఆ రోజు వచ్చిందనుకుంటాను. కెప్టెనమ్మ ఆయన పక్కన బురదలోనే కూర్చుంది. ఆయన తిడితే బాగుండునని నాకు ఎంతగా అనిపించిందో! తిట్టలేదు. ఇంటికి పోతుంటే సగం దారిలో మాత్రం ఒకటి అడిగాడు.

"గా సముద్రం గంత మంచిగుంటదా బిడ్డా?"

"తెల్వది బాపూ," అన్నాను.

ఏనుగు తల కుర్రాడు మధ్యధరాకు పోయాడు. ఆ దిబ్బలో మిగిలిన సగం కూడా తర్వాత వానలకు నీళ్ళల్లోకి పోయింది. బిళ్ళ మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. నేనిప్పుడు బడిలో సోషల్ టీచర్ని. మొన్న నలభై మంది పిల్లల్ని విశాఖపట్నం విహారయాత్రకు తీసుకుపోయి, నా బతుకులో మొదటిసారి సముద్రం చూశాను. పిల్లల కోసం అట్టముక్కలతో నలభై బిళ్ళలు, ఒక బోర్డు చేసుకుని పోయాను. (చుక్కలు కాదు, అంకెలే వేశాను.) తోటి టీచర్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. సాయంత్రం పిల్లలంతా ఒడ్డుకొచ్చి బిళ్ళలు తగిలించాక, అక్కడ్నుంచే బాపుకు ఫోన్ చేశాను. రిటైరై చాలా రోజులైంది ఆయన.

"నలభై మంది బయటికొచ్చిన్రు బాపూ. బోర్డు నిండింది."

"మరి నీది?"

పిడికిలి తెరిచి చూసుకున్నాను. ఏడు చుక్కలూ అరచేతిలో అచ్చు పడి ఉన్నాయి. అలలు మోకాళ్ళ దాకా వచ్చి పోతున్నాయి. "నేనింక నీళ్ళల్లనే ఉన్న" అన్నాను.

"జల్ది రా. నువ్వచ్చేదాక నేను కుర్చీల నుంచి లేవ."

ముప్పై దాటిన టీచరమ్మ, తడిసిన చీర కుచ్చిళ్ళు రెండు చేతులా ఎత్తిపట్టుకుని, నలభై మంది పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, ఒడ్డుకు పరుగందుకుంది.