పది లక్షల ఒకటి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి, చెప్పుల షాపు పక్క సందులోంచి మూడో అంతస్తు ఎక్కితే శ్రీరామమూర్తి మాస్టారి లెక్కల క్లాసు. గుడివాడ నుంచి వచ్చిన మనిషి. పోటీ పరీక్షల పిల్లలకు పాఠాలు చెబుతూనే జుట్టు నెరిసింది. కొత్త బ్యాచ్ మొదలైన రోజు ఆయనకో అలవాటు. బోర్డు మీద 1000001 అని రాసి, ఇది ప్రధాన సంఖ్యా, కాదా అని అడుగుతాడు. పిల్లలు మూడు, ఏడు, పదమూడు అంటూ తొంభై ఏడు దాకా భాగించి అలిసిపోతారు. దేనితోనూ పోదు.

"ప్రైమే సార్!" అని అరుస్తారు.

"అందరూ అక్కడే ఆగిపోతార్రా! ఇంకొక్కటి చూడండి."

అంకెలను కుడి నుంచి జతలుగా విడగొడతాడు. ఒక జతను కలుపుతూ, తర్వాతి జతను తీసేస్తూ పోతే చివరికి సున్నా. అంటే నూటొకటితో పోతుందన్నమాట. 101 × 9901. క్లాసంతా చప్పట్లు. ఆయనకు అంతకు మించిన పండగ లేదు.

మొన్నటి ఉద్యోగ పరీక్షలో అదే సంఖ్య వచ్చింది. ఎల్బీ నగర్‌లో షేర్ ఆటో నడిపే లచ్చయ్య కూతురు జ్యోతిక 'ప్రధాన సంఖ్య కాదు' అని పెట్టింది. పరీక్షవాళ్లు ఇచ్చిన జవాబుల కీలో మాత్రం 'ప్రధాన సంఖ్య' అని ఉంది. అభ్యంతరం పెడితే తోసిపుచ్చారు. ఒక్క మార్కుతో ఉద్యోగం పోయింది. వయసు దాటింది కాబట్టి మళ్లీ రాయడానికీ లేదు.

"మీ క్లాసు వినకుంటే నేను గూడ ప్రైమనే పెడుతుంటి సార్," అంది జ్యోతిక. నిష్ఠూరంగా కూడా అనలేదు. ఆ మాటే మాస్టార్ని నిద్రపోనివ్వలేదు.

తండ్రీకూతుళ్లను వెంటబెట్టుకుని పరీక్షల ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి అధికారి మర్యాదస్తుడే. తన ఫోన్‌లోనే గుణించి చూశాడు.

"నిజమే సార్, పది లక్షల ఒకటే వచ్చింది."

"మరి?"

"మరేముంది సార్? ఫైనల్ కీ ఇచ్చేసినం. కమిటీ సంతకాలైనయి. గిప్పుడు నేనేం జేయాలె, మీరే చెప్పుండ్రి."

తిరిగొస్తూ ఆటోలో లచ్చయ్య అడిగాడు. "సారూ, లెక్క తప్పా, మా పిల్ల తప్పా?"

"లెక్కా కరెక్టే, మీ అమ్మాయీ కరెక్టే లచ్చయ్యా."

"మరి నౌకరి యాడికి పాయె?"

ప్రశ్న తయారుచేసిన పెద్దమనిషెవరో తొంభై ఏడు దగ్గర ఆగిపోయాడు. ఆయన జీతం మాత్రం ఆగలేదు. సరిగ్గా చేసిన పిల్లే ఇంట్లో కూర్చుంది.

సోమవారం కొత్త బ్యాచ్. అలవాటు కొద్దీ ఆ సంఖ్యే రాశాడు. జతలు విడగొట్టాడు. చప్పట్లు కొట్టారు. ముందు బెంచీలోంచి మృదుల అనే అమ్మాయి లేచింది.

"సార్, మొన్న కీలో ప్రైమనే ఇచ్చారు కదా, మళ్లీ ఇదే వస్తే పరీక్షలో ఏం పెట్టాలండీ?"

సుద్దముక్క పట్టుకున్న చెయ్యి 9901 దగ్గరే ఉండిపోయింది. కింద రోడ్డు మీద ఎవరో "ఎల్బీ నగర్, ఎల్బీ నగర్" అని కేకేస్తున్నారు.

"కీలో ఉన్నదే పెట్టండమ్మా," అన్నాడు, పిల్లల వైపు తిరగకుండానే.

అందరూ వంగి ఆ ముక్కే రాసుకున్నారు.